స్కూల్లో పిల్లల డేటా ఎవరెవరికి పోతోందో పట్టుకోవడం ఎలా

పిల్లల వివరాలు బయట ఎవరికైనా ఇస్తున్నారా అని స్కూల్ ఆఫీసులో అడిగితే ఎవరికీ ఇవ్వమండీ అనే అంటారు, అబద్ధం కాదు, వాళ్ళకి అది ఇవ్వడం అనే అనిపించదు. అందుకని ఆ ప్రశ్న వదిలేసి ఒక్క అడ్మిషన్ ఫారం తీసుకోండి, అందులో ఉన్న పాప పేరు, ఫొటో, వాళ్ళ నాన్న ఫోన్ నంబరు ఎక్కడెక్కడికి చేరాయో దాని వెనకాలే వెళ్ళండి.

నేను మా స్కూల్ ఆఫీసులో ఇలాగే చేశా. ముందు అకౌంట్స్ వాళ్ళ దగ్గరికెళ్ళి ఏడాదిలో ఎవరెవరికి బిల్లులు కట్టారో చూశా, ఎస్ఎంఎస్ పంపే కంపెనీ, ఫీజు యాప్, బస్సు కాంట్రాక్టరు, ఐడీ కార్డులు ప్రింట్ చేసే షాపు, వీళ్ళందరి దగ్గరా మన పిల్లల లిస్టు ఉన్నట్టే కదా. బిల్లు లేనివి కూడా ఉంటాయి, స్కూళ్ళ వివరాలు ఎక్కించే ప్రభుత్వ యూడైస్ ప్లస్ పోర్టల్, బోర్డు పరీక్షల వివరాలు లాంటివి, అవీ రాసుకోండి. తర్వాత క్లర్క్ పక్కన కూర్చుని మెయిల్లో సెంట్ ఫోల్డర్, వాట్సాప్ చాట్లలో పంపిన డాక్యుమెంట్లు, గూగుల్ డ్రైవ్‌లో లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు అని పెట్టిన షీట్లు వెతకండి. నాకు బాధేసింది ఇక్కడే, ఐడీ కార్డుల కోసం పంపిన ఎక్సెల్లో ఫొటో, బ్లడ్ గ్రూప్, ఇంటి అడ్రస్ అన్నీ ఉన్నాయి, మూడేళ్ళ కిందటి ఫైలు కూడా ఆ షాపు కంప్యూటర్లో అలాగే ఉంది.

దొరికిన ప్రతిదానికీ షీట్లో ఒక వరస రాయండి: ఏ వివరాలు, ఎవరికి, ఎలా పంపాం, ఎందుకు, మన దగ్గర ఎవరు పంపారు, వాళ్ళు ఎప్పుడు తీసేస్తారు.

యాప్ కంపెనీలకి మాత్రం మెయిలే పెట్టండి, ఫోన్లో చెప్పింది రికార్డుగా ఉండదు. సర్వర్ ఏ దేశంలో ఉంది, మీరు ఇంకెవరికి ఇస్తున్నారు అని అడగండి. మన 2023 డేటా చట్టంలో (డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం) విదేశానికి పంపడం మొత్తంగా నిషేధం కాదు, కానీ కొన్ని దేశాలకి పంపకుండా కేంద్రం నోటిఫికేషన్ ఇవ్వొచ్చు, అందుకే దేశం పేరు కాలమ్ ఉండాలి. మన తరఫున డేటా చూసే కంపెనీతో సరైన కాంట్రాక్టు కూడా ఉండాలి, మాకైతే సగం మందితో లేనే లేదు.

ఈ చట్టం రూల్స్ 2025 నవంబర్లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. ఆ తర్వాత సమ్మతి ఇచ్చిన తల్లిదండ్రులు మా పాప వివరాలు ఎవరెవరికి ఇచ్చారు అని అడిగితే పేర్లతో సహా చెప్పాలి, 18 ఏళ్ళ లోపు వాళ్ళందరూ చట్టం లెక్కలో పిల్లలే కాబట్టి ఇంటర్ వాళ్ళలో కూడా చాలామంది ఇందులోకే వస్తారు.

ఐడీ కార్డుల షాపుకి ఇప్పుడు మేం బ్లడ్ గ్రూప్, అడ్రస్ తీసేసి పంపుతున్నాం, కార్డులు చేతికొచ్చిన రోజే ఫైలు డిలీట్ చేయించి ఆ తేదీ షీట్లో రాస్తున్నాం. జూన్లో అడ్మిషన్లు అవగానే ఇంకో కొత్త ఫారం పట్టుకుని మళ్ళీ మొదట్నుంచి తిరగాలి, ఎందుకంటే ఏటా ఏదో ఒక కొత్త యాప్ వచ్చి చేరుతూనే ఉంటుంది.