హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కగట్టడం ఎలా?

టికెట్ మీద ఉదయం 10:00కి బయల్దేరి మధ్యాహ్నం 12:30కి దిగుతుందని ఉంటే, రెండున్నర గంటల ప్రయాణమే కదా అనుకుంటారు చాలామంది. నిజానికది నాలుగు గంటలు. బయల్దేరే టైము మనది, దిగే టైము దుబాయ్‌ది. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక.

ముందు దూరం సంగతి చూద్దాం.

1. విమానాశ్రయాల అక్షాంశ, రేఖాంశాలు తీసుకోండి, ఊళ్ళవి కాదు. ఫోన్ మ్యాప్‌లో రన్‌వే మీద వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలొస్తాయి. మొదటిది అక్షాంశం. శంషాబాద్ 17.24, 78.43. దుబాయ్ 25.25, 55.36. దుబాయ్‌లో ఎయిర్‌పోర్టులు రెండు. ఈ అంకెలు డీఎక్స్‌బీ అనే కోడున్న ఎయిర్‌పోర్టువి. టికెట్ మీద డీడబ్ల్యూసీ అనే కోడు ఉంటే అది ఊరికి దూరంగా, జెబెల్ అలీ వైపున్నది.

17.24ని 17 డిగ్రీల 24 నిమిషాలుగా చదవకండి. 0.24ని 60తో గుణిస్తే 14 నిమిషాలే. ఈ పొరపాటుతో శంషాబాద్ 18 కి.మీ. ఉత్తరానికి జరిగిపోతుంది!

2. అక్షాంశాల తేడా 8.01. డిగ్రీకి 111 కి.మీ. చొప్పున 889.

3. రేఖాంశాల తేడా 23.07. ఇక్కడే లెక్క తప్పుతుంది. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి సగటు అక్షాంశం (21.25) కొసైన్‌తో, అంటే 0.932తో కూడా గుణించాలి. 23.07 × 111 × 0.932 = 2,387. కొసైన్ మరిస్తే చివరికి దూరం 160 కి.మీ. ఎక్కువొస్తుంది.

4. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 2,547 కి.మీ. నాటికల్ మైళ్ళు కావాలంటే 1.852తో భాగించండి, 1,375.

అమెరికా దూరాలకు ఈ చిట్కా పనికిరాదు, భూమి గుండ్రం అడ్డొస్తుంది.

ఇక సమయం. పైన ఎగిరే వేగం గంటకు 840 కి.మీ. అనుకుంటే మూడు గంటలు. ట్యాక్సీయింగ్‌కీ (అంటే విమానం నేల మీద నడవడానికీ), గాల్లో పైకి ఎక్కడానికీ, కిందికి దిగడానికీ అరగంట కలపండి. గాలిని వదిలేయకూడదు. ఆ ఎత్తున, ముఖ్యంగా చలికాలంలో, పడమటి నుంచి గట్టిగా వీస్తుంది. 80 కి.మీ. ఎదురుగాలి ఉంటే వేగం 760కి పడిపోయి, పోయేటప్పుడు 3 గంటల 50 నిమిషాలవుతుంది. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తే 3 గంటల 15 నిమిషాలు. పైగా విమానం అచ్చంగా గీత గీసినట్టు పోదు, అందుకే టైమ్‌టేబుల్లో కాస్త ఎక్కువే వేస్తారు.

టికెట్‌తో సరిచూసుకోవడానికి: టికెట్ మీది రెండు టైముల తేడాకి పోయేటప్పుడు గంటన్నర కలపండి, తిరుగు ప్రయాణంలో తీసేయండి. దుబాయ్‌లో 14వ తేదీ రాత్రి 10:00కి ఎక్కి ఇక్కడ 15వ తేదీ తెల్లవారుజామున 3:00కి దిగితే తేడా ఐదు, ప్రయాణం మూడున్నర. కారు 15వ తేదీకి మాట్లాడుకోవాలి. పోయేటప్పుడు మాత్రం తేదీ ఇంకోలా తిప్పలు పెడుతుంది: 15వ తేదీ 00:40 విమానమంటే 14 రాత్రి తొమ్మిదిన్నరకల్లా శంషాబాద్‌లో ఉండాలి.