సూపర్‌స్పీడ్‌వే ట్రక్కు రేసును వరంగల్ నుంచి చూసే పద్ధతి

పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లే రోడ్డు పక్కన కాసేపు నిలబడితే ఒక దృశ్యం కనిపిస్తుంది. నిండుగా పత్తి వేసుకొని పోతున్న డీసీఎం వెనుక డోరు దగ్గర రాలిన దూది పింజలు వెంటనే కింద పడవు. బండి వెనుక ఉన్న ఖాళీలో సుడి తిరుగుతూ, కొంత దూరం బండితోపాటే ప్రయాణించి, ఆ తరువాతే రోడ్డు మీద వాలుతాయి. అమెరికాలోని డేటోనా, టాలడేగా వంటి సూపర్‌స్పీడ్‌వేలపై, అంటే చాలా పొడవైన, వేగవంతమైన గుండ్రటి ట్రాకులపై, జరిగే ట్రక్కు రేసును అర్థం చేసుకోవాలనుకునేవారు ముందుగా ఆ దూది పింజలను మనసులో ఉంచుకోవాలి. అక్కడ గెలుపు ఓటములను నిర్ణయించేది కంటికి కనిపించని ఆ గాలి సుడే. దానిని గుర్తించడం వస్తే, రెండు గంటలపాటు బండ్లు గుండ్రంగా తిరగడమే కదా అనిపించిన ఆట ఒక్కసారిగా తెరుచుకుంటుంది.

ట్రక్కు అనగానే మనకు గుర్తుకు వచ్చేది లారీ. ఈ రేసులోని ట్రక్కు అది కాదు. వెనుక తొట్టి ఉండే పికప్ బండి. అమెరికాలో కార్ల రేసులు నడిపే నాస్కార్ సంస్థ 1995లో పికప్ ట్రక్కుల కోసం ప్రత్యేకంగా ప్రారంభించిన పోటీల వరుస ఇది. షెవర్లే సిల్వరాడో, ఫోర్డ్ ఎఫ్-150, టయోటా టండ్రా వంటి పేర్లు బండ్ల మీద కనిపిస్తాయి గానీ, షోరూమ్‌లో అమ్మే బండికీ దీనికీ పోలిక పైపైనే ఉంటుంది. లోపల ఉక్కు గొట్టాలతో కట్టిన చట్రం, ముందు వీ8 ఇంజిన్, ఒక్క డ్రైవర్‌కే సీటు ఉంటాయి. హెడ్‌లైట్లు కూడా అతికించిన బొమ్మలే. మన దేశంలో టాటా మోటార్స్ 2014లో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌పై ప్రైమా లారీలతో నడిపిన పోటీ వేరే జాతికి చెందినది. అది మలుపులు తిరిగే సర్క్యూట్‌పై నిజమైన లారీలతో జరిగింది. ఈ రెండింటినీ కలిపి చూస్తే రెండూ అర్థం కావు.

మొదట చూడవలసిన రేసును సరిగా ఎంచుకోవాలి. ఈ వరుసలో ఒక సీజన్‌కు 20కి పైగా రేసులు ఉంటాయి, వాటిలో ఎక్కువ భాగం వీటికంటే చిన్న ట్రాకులపై జరుగుతాయి. కొత్తవారికి నా సలహా ఫిబ్రవరిలో జరిగే డేటోనా రేసు. ఫ్లోరిడాలోని ఈ ట్రాకును 1959లో తెరిచారు. చుట్టు 2.5 మైళ్లు, అంటే దాదాపు 4 కిలోమీటర్లు. మలుపుల దగ్గర నేల 31 డిగ్రీల వాలుతో గోడలా లేచి ఉంటుంది. అలబామాలోని టాలడేగా 1969లో వచ్చింది; దాని చుట్టు 2.66 మైళ్లు, వాలు 33 డిగ్రీలు. డేటోనా రేసు 100 ల్యాపులు (చుట్లు), 250 మైళ్లు, అంటే సుమారు 400 కిలోమీటర్లు. హన్మకొండ నుంచి హైదరాబాద్‌కు వెళ్లి, తిరిగి వచ్చి, మళ్లీ హైదరాబాద్ దారి పట్టి చాలా దూరం పోతే ఎంత అవుతుందో అంత దూరాన్ని, అవాంతరాలు లేకపోతే, రెండు గంటల లోపే ముగిస్తారు.

సమయం విషయంలో చాలామంది పొరబడతారు. ఫిబ్రవరిలో ఫ్లోరిడాకూ, అక్టోబర్‌లో అలబామాకూ మన గడియారం పదిన్నర గంటలు ముందుంటుంది. శుక్రవారం రాత్రి ఏడున్నరకు డేటోనాలో పచ్చజెండా ఊపితే మనకు శనివారం ఉదయం ఆరు గంటలు. నిద్ర చెడకుండా టీ తాగుతూ చూడదగిన రేసు అది. టాలడేగా రేసు మధ్యాహ్నం పెడితే మాత్రం మనకు అర్ధరాత్రి దాటుతుంది. అలాంటప్పుడు నాస్కార్ యూట్యూబ్ ఛానల్‌లో పెట్టే ముఖ్య ఘట్టాలను మరునాడు చూసినా తప్పులేదు గానీ, ముందుగా ఫలితం చూసుకోకండి.

ఒక నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. మొదటి స్థానం నుంచి బయలుదేరే బండిని కాక, పన్నెండో పదిహేనో స్థానంలో ఉన్న ఒక బండిని ఎంచుకొని దాని నంబరు రాసుకోండి. నేను కొత్తలో మూడు రేసులు ముందు బండినే చూస్తూ గడిపి ఏమీ నేర్చుకోలేదు. ముందు బండి ఏం చేయగలదో నిర్ణయించేది దాని వెనుక ఉన్నవారని నాలుగో రేసులో మధ్య బండిని వెంబడించినప్పుడే తెలిసింది. ప్రతి ఐదు ల్యాపులకు ఒకసారి మూడు విషయాలు రాయండి: లోపలి వరుస ముందుందా, బయటి వరుస ముందుందా, మీ బండి వెనుక ఎవరున్నారు. ఒకే కంపెనీ బండ్లు నడిపేవారు వీలైనంతవరకు ఒకరికొకరు తోడుగా ఉంటారు కాబట్టి, వెనుక ఉన్నది ఏ కంపెనీ బండి అన్నది కూడా రాసుకుంటే మరీ మంచిది.

ఇక గాలి సంగతి. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయే బండికి గాలి నీళ్లంత బరువుగా తగులుతుంది. ముందున్న ట్రక్కు ఆ గాలిని చీల్చుకుంటూ పోతుంది; దాని వెనుక ఒత్తిడి తగ్గి ఒక ఖాళీ ఏర్పడుతుంది. వెనుక ట్రక్కు ఆ ఖాళీలోకి దూరితే దానికి ఎదురుగాలి తగ్గుతుంది, అదే శక్తితో ఇంకా వేగంగా పోగలుగుతుంది. దీనినే డ్రాఫ్టింగ్ అంటారు. కొత్తవారు గమనించని రెండో సగం ఇంకొకటి ఉంది. వెనుక ట్రక్కు ఆ ఖాళీని పూడ్చినప్పుడు ముందు ట్రక్కును వెనక్కి లాగుతున్న సుడి కూడా బలహీనపడుతుంది. అందువల్ల ఒంటరిగా పోయే బండి కంటే ఇద్దరు కలిసి పోతే ఇద్దరికీ వేగం పెరుగుతుంది, పదిమంది వరుస కడితే మరింత పెరుగుతుంది. కార్ల కంటే పికప్ ట్రక్కు ఎత్తుగా, పెట్టెలాగా ఉంటుంది కాబట్టి అది గాలిలో చేసే రంధ్రం పెద్దది, వెనుక వచ్చేవారికి దొరికే ఊపు కూడా ఎక్కువే.

కరీంనగర్ గ్రానైట్ రాళ్లను కాకినాడకు తోలిన మా మేనమామ ఒకసారి ఈ రేసు నా పక్కన కూర్చుని చూసి, "ముందటి లారీని ఆనుకొని పోతే డీజిల్ కలిసొస్తది గని, దాని బ్రేకు లైటు కనవడేసరికి మన పని అయిపోతది" అన్నాడు. ఆయన చెప్పిన మాటలో డ్రాఫ్టింగ్ లాభమూ ప్రమాదమూ రెండూ ఉన్నాయి. జాతీయ రహదారి 163 మీద బైకుతోనో కారుతోనో లారీ వెనుక ఈ ప్రయోగం చేయాలని ఎవరికైనా అనిపిస్తే దయచేసి ఆ ఆలోచన మానుకోండి. రేసు ట్రక్కు డ్రైవర్ చుట్టూ ఉక్కు పంజరం ఉంటుంది, ఎదురుగా వచ్చే వాహనం ఉండదు.

అందరూ ఎందుకు గుంపుగానే ఉంటారన్న ప్రశ్నకు జవాబు కూడా గాలిలోనే ఉంది. 1987లో టాలడేగాలో బాబీ అలిసన్ కారు గాలిలోకి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెకు తగిలింది. ఆ తరువాత 1988 నుంచి నాస్కార్ తన ప్రధాన కార్ల పోటీలో ఈ రెండు ట్రాకులపై ఇంజిన్‌లోకి వెళ్లే గాలి దారిని సన్నం చేసే పలకను తప్పనిసరి చేసింది. ట్రక్కులకు కూడా ఇంజిన్ గాలిని ఇలాగే కట్టడి చేస్తారు. అందరికీ ఇంచుమించు ఒకే శక్తి, వాలు నేల వల్ల మలుపులోనూ యాక్సిలరేటర్ నుంచి కాలు తీయవలసిన అవసరం దాదాపు ఉండదు. ఇక ఎవరూ తమ ఇంజిన్ బలంతో పారిపోలేరు. ముందుకు పోవాలంటే మరొకరి గాలి కావాలి, మరొకరి తోపు, అంటే వెనుక నుంచి నెట్టడం, కావాలి.

ఇప్పుడు టీవీలో ఏం చూడాలో చెబుతాను. రెండు వరుసలు పక్కపక్కన పోతున్నప్పుడు రెండు వరుసల్లోనూ మొదటి బండ్లను వదిలేసి, రెండో స్థానంలోని బండ్ల మీద కన్ను ఉంచండి. రెండో బండి మొదటి బండి బంపర్‌కు దగ్గరగా, నిలకడగా ఉంటే ఆ వరుస ముందుకు జరుగుతుంది. రెండో బండి కొంచెం వెనుకబడి మధ్యలో ఖాళీ వచ్చిందంటే రెండు మూడు సెకన్లలో ఆ వరుస మొత్తం వెనక్కి జారుతుంది. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే, ఎవరు ముందుకు వస్తారో వ్యాఖ్యాత చెప్పకముందే మీరు చెప్పగలరు. కొన్నిసార్లు ఒక డ్రైవర్ కావాలనే తన వెనుక ఉన్నవాడి దగ్గరకు జారి, వాడి తోపు తీసుకొని ఒక్క ఉదుటున ముందుకు దూకుతాడు. అది పొరపాటులా కనిపిస్తుంది, నిజానికి చక్కని లెక్క.

పక్క గాలి మరొక విద్య. ఒక ట్రక్కు తన ముక్కును పక్క ట్రక్కు వెనుక చక్రం దగ్గరకు తెచ్చి, దాదాపు రాసుకుంటూ నడిపితే, ఆ ముక్కు నుంచి జారిన గాలి పక్కవాడి వెనుక అడ్డంగా నిలబెట్టిన పలకకు, అంటే స్పాయిలర్‌కు, తగిలి వాడిని ఆపుతుంది. తగలకుండానే పట్టుకొని లాగినట్టు ఉంటుంది. మలుపు మధ్యలో బంపర్‌తో గట్టిగా నెట్టడం మాత్రం మొరటు పని. నేరుగా ఉన్న దారిలో సాయపడే అదే తోపు మలుపులో ముందువాడి వెనుక చక్రాల పట్టు తప్పించి తిప్పేస్తుంది. పెద్ద ప్రమాదాలలో చాలావాటికి మూలం ఇదో, లేక ఆలస్యంగా అడ్డం పోవడమో అయి ఉంటుంది.

గుంపులో డ్రైవర్‌కు తన వెనుక ఏం జరుగుతున్నదో సరిగా కనిపించదు. అందుకే స్టాండ్ల పైన ఎత్తున నిలబడి రేడియోలో మాట్లాడే స్పాటర్ అనే మనిషి ఉంటాడు. లోపల ఒకడున్నాడు, దాటిపోయాడు, బయటి వరుస వస్తున్నది అని క్షణక్షణం చెబుతూ ఉంటాడు. ప్రసారంలో ఆ రేడియో మాటలు వినిపిస్తే శ్రద్ధగా వినండి. రేసును అర్థం చేసుకోవడానికి వ్యాఖ్యానం కంటే అవే ఎక్కువ ఉపయోగపడతాయి.

2017 నుంచి రేసును మూడు భాగాలు చేశారు. మొదటి రెండు భాగాల చివర మొదటి పదిమందికి 10 నుంచి 1 వరకు పాయింట్లు ఇస్తారు, పసుపు జెండాతో అందరినీ నెమ్మదింపజేస్తారు. టైర్లు, ఇంధనం పని చాలావరకు అప్పుడే జరుగుతుంది. ఇక్కడ చూడవలసింది ఒక్కటే: ఎవరు తమ తోడు బండ్లతో కలిసి పిట్‌లోకి (ఆ పని జరిగే చోటికి) వెళ్లి కలిసి బయటికి వచ్చారు. ఒంటరిగా బయటికి వచ్చిన బండి ఎంత మంచిదైనా గాలి దొరకక వెనుకబడుతుంది.

ప్రమాదం జరిగినప్పుడు మంటలు, ముక్కలు కాక డ్రైవర్ కిటికీకి ఉన్న వలను చూడండి. డ్రైవర్ ఆ వలను కిందికి దించితే, తాను క్షేమంగా ఉన్నానని చెప్పినట్టు. ఆ వల దిగేవరకు నాకు ఇప్పటికీ ఊపిరి ఆడదు. 2000లో డేటోనాలో జరిగిన మొట్టమొదటి ట్రక్కు రేసులోనే జెఫ్ బోడిన్ బండి కంచెకు తగిలి మంటల్లో పల్టీలు కొట్టింది. ఆయన బతికి, అదే ఏడాది మళ్లీ రేసులోకి వచ్చారు. మరుసటి ఏడాది అదే ట్రాకుపై ప్రముఖ డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ మరణించిన తరువాత తలనూ మెడనూ పట్టి ఉంచే పరికరం తప్పనిసరి అయింది, ఆ తరువాతి ఏళ్లలో కాంక్రీటు గోడల ముందు దెబ్బను మింగే ఉక్కు, నురుగు గోడలు వచ్చాయి. ప్రమాదాల కోసమే ఈ రేసు చూసేవారు ఉన్నారు. నేను ఆ పద్ధతిని ఎవరికీ నేర్పను.

చివరి పది ల్యాపుల్లో నోట్‌బుక్ పక్కన పెట్టి చూడండి. ముందున్నవాడు తన వెనుక రెండు వరుసలనూ తానే అడ్డుకోవాలని చూస్తాడు. అలా ఒక వరుస నుంచి మరో వరుసకు మారిన ప్రతిసారీ తన వెనుకవాడి తోపును పోగొట్టుకుంటాడు. చాలామంది మొదటి స్థానంలో ఉన్నవాడిదే గెలుపు అనుకుంటారు. ఆఖరి ల్యాపులో నేనైతే రెండో స్థానాన్నే కోరుకుంటాను. ట్రాకు లోపలి అంచున ఉన్న జంట పసుపు గీతల కిందికి దిగి ఎవరినైనా దాటితే ఆ స్థానం చెల్లదు. చివరలో పసుపు జెండా పడితే రేసును పొడిగించి మరో రెండు ల్యాపులు నడుపుతారు. ఆఖరి ల్యాపు మొదలైన తరువాత పడితే ఆ క్షణంలో ఎవరెక్కడ ఉన్నారో అదే ఫలితం. 2014 డేటోనా రేసులో కైల్ బుష్ తిమోతీ పీటర్స్ కంటే 0.016 సెకన్లు ముందు గీత దాటారు. 2020లో గ్రాంట్ ఎన్‌ఫింగర్‌కూ, తన సొంత చిన్న జట్టు బండిని తానే నడిపిన జోర్డన్ ఆండర్సన్‌కూ మధ్య తేడా 0.010 సెకన్లు. ఆ వేగం దగ్గర అది ఒక మీటరు కూడా కాదు.

గీత దాటినంత మాత్రాన అయిపోదు, ఎందుకంటే చివరి లెక్క కూడా గాలి దగ్గరే తేలుతుంది. ఎర్న్‌హార్ట్ మరణించి సరిగ్గా పదేళ్లయిన 2011 ఫిబ్రవరి 18న, ఆయన జట్టు కారుతో ఆనాటి రేసు గెలిచిన మైకేల్ వాల్ట్రిప్ డేటోనా ట్రక్కు రేసు గెలిచారు. చివరలో ఆయన బండి స్పాయిలర్ ఒక పక్క విరిగి వాలిపోయింది, దానితో గాలి అడ్డు తగ్గింది. అయినా ఆ గెలుపు నిలిచింది. 2025లో పార్కర్ క్లిగర్‌మన్ మొదట గీత దాటినా, తరువాతి తనిఖీలో బండి వెనుక భాగం నిబంధన కంటే తక్కువ ఎత్తులో ఉందని తేలి అనర్హుడయ్యారు. విజయం కోరీ హైమ్‌కు దక్కింది. వెనుక భాగం కిందికి దిగితే స్పాయిలర్ గాలికి తక్కువగా నిలుస్తుంది, బండికి వేగం పెరుగుతుంది. అందుకే తనిఖీ అధికారులు కొలబద్దతో ముందుగా అక్కడికే వెళ్తారు. మీరు కూడా టీవీ కట్టేసి, టిఫిన్ ముగించి, తనిఖీ ఫలితం వచ్చాకే నోట్‌బుక్‌లో విజేత పేరు రాయండి.