ఇంటికీ బడికీ ఒకే పుస్తకం – 4వ పాఠం: ‘అల్లరి చేశాడు’ అని రాయకండి

గత పాఠంలో బొమ్మల టైంటేబుల్ తయారుచేశాం. ఈసారి ఇంటికీ బడికీ మధ్య తిరిగే నోట్‌బుక్ రాయడం నేర్చుకుందాం. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది బడిలో జరిగింది ఇంటికొచ్చి చెప్పలేరు. రాత్రి నిద్ర పట్టలేదని టీచరుకూ చెప్పలేరు. ఆ కబుర్లు మోసేది ఈ పుస్తకమే.

100 పేజీల నోట్‌బుక్ చాలు. రోజుకో పేజీ, మధ్యలో అడ్డగీత. పైభాగం ఇంటివాళ్లది: ఎన్ని గంటలు పడుకున్నాడు, ఏం తిన్నాడు, మందులు మారాయా, ఇంటికి చుట్టాలొచ్చారా. నాలుగు లైన్లు దాటొద్దు. కిందిది టీచరుది. 40 మంది ఉన్న క్లాసులో ఆమెకు దొరికేది రెండు నిమిషాలే. అంతకంటే ఎక్కువ అడిగితే వారానికే పుస్తకం మూలనపడుతుంది.

‘ఈరోజు అల్లరి చేశాడు’ అని రాస్తే అమ్మకు ఏమీ తెలియదు, భయం తప్ప. సాయంత్రం తిడుతుంది. ఎప్పుడో మధ్యాహ్నం జరిగినదానికి ఇప్పుడెందుకు తిడుతున్నారో బాబుకు అర్థం కాదు. ఇలా రాయండి:

12:25. ముందు: అన్నం బెల్లు కొట్టారు, పిల్లలు పళ్లేలతో పరుగెత్తారు. చేసింది: చెవులు మూసుకుని బెంచీ కింద దూరాడు, 6 నిమిషాలు. తర్వాత: ఆయమ్మ వరండాలోకి తీసుకెళ్లింది, ఊరుకున్నాడు.

ఐదు రోజుల పేజీలు పక్కపక్కన పెట్టి చూడండి. మూడు రోజులు ఇదే సమయానికి జరిగితే చప్పుడే కారణమై ఉండొచ్చు. బెల్లుకు 5 నిమిషాల ముందే పళ్లెం బొమ్మ చూపించి వరండాలోకి పంపండి. ఇది బడి చేసే దయ కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ఇలాంటి సర్దుబాట్లు చేయాలనే చెబుతోంది. ఇంట్లోనూ అన్నానికి ముందు అదే బొమ్మ చూపించాలి, అదే మాట అనాలి. బడిలో ‘భోజనం’, ఇంట్లో ‘బువ్వ’ అంటే కొందరు పిల్లలకు అవి రెండు వేర్వేరు సంగతులు.

అదే బాబు రాతపని ఇవ్వగానే బెంచీ కింద దూరితే? పైకి ఒకేలా ఉన్నా కారణం వేరు. ‘తర్వాత’ గడి చూడండి. దూరగానే టీచరు పుస్తకం తీసేస్తుంటే, దూరితే రాత తప్పుతుందని మనమే నేర్పుతున్నాం. పని మూడు లైన్లకు తగ్గించండి, ‘చాలు’ కార్డు చేతికివ్వండి. కార్డు చూపిస్తే 2 నిమిషాల విరామం, మళ్లీ రాత. మొదట్లో చూపించిన ప్రతిసారీ విరామం ఇవ్వాల్సిందే. ఒక్కసారి కాదన్నా మళ్లీ బెంచీ కిందికే వెళ్తాడు.

రెండు మార్పులు ఒకేసారి చేయకండి, ఏది పనిచేసిందో తేలదు. ఒక్కటే, రెండు వారాలు. ఎప్పుడూ లేనిది హఠాత్తుగా మొదలైతే ముందు పంటినొప్పి, చెవిపోటు, మలబద్ధకం ఉన్నాయేమో డాక్టరుకు చూపించాలి. టీచరు మీద కోపం ఉంటే పుస్తకంలో రాయొద్దు, ఎదురుగా కూర్చుని మాట్లాడండి. మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) ఉంటే అక్కడి రిసోర్స్ టీచరుకు కూడా ఈ పేజీలు చూపించండి.

ఈ వారం పని: ‘ప్రార్థనలో ఏడ్చాడు’ అన్న వాక్యాన్ని మూడు గడుల్లోకి మార్చడానికి టీచరును అడగాల్సిన ప్రశ్నలు రాసుకోండి. ‘ఎవరి పక్కన నిలబడ్డాడు, మైకు ఎంత దూరం’ దగ్గర మొదలుపెట్టండి.