మొబైల్ యాప్ బిల్డ్ పాఠాలు – 4: దొరకని డిపెండెన్సీని ఎక్కడ వెతకాలి?

గత పాఠంలో, కోడ్ నుంచి యాప్‌ను తయారుచేసే (బిల్డ్ చేసే) సాధనమైన గ్రేడిల్ ఫైళ్ల అమరికను చూశాం. ప్రాజెక్టు మొత్తానికి వర్తించే సెట్టింగ్స్ ఫైలు ఏది, ఒక్కో మాడ్యూల్‌కు చెందిన బిల్డ్ ఫైలు ఏది, లైబ్రరీల పేర్లను ఏ బ్లాకులో రాయాలి అన్నవి అందులో చెప్పుకున్నాం. ఆ అమరికంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తున్నా, బిల్డ్ మొదలుపెట్టగానే ఫలానా లైబ్రరీ (మన యాప్ ఆధారపడే బయటి కోడ్, అంటే డిపెండెన్సీ) దొరకలేదంటూ ఆగిపోయినప్పుడు ఏం చేయాలన్నది ఈసారి విషయం. ఉదాహరణలన్నీ ఆండ్రాయిడ్ ప్రాజెక్టువే. ఆదేశాలను, ఎర్రర్ మాటలను పలికే తీరులో తెలుగు లిపిలో రాస్తున్నాను. మీ తెరమీద అవి ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంటాయి కనుక, పక్కన ఒక ప్రాజెక్టు తెరిచి పెట్టుకొని పోల్చుకుంటూ చదవండి.

ఈ ఎర్రర్ రాగానే చాలామంది వెర్షన్ నంబరు మార్చి చూస్తారు, లేదా ఎక్కడో దొరికిన నాలుగు లైన్లు తెచ్చి బిల్డ్ ఫైలులో అతికిస్తారు. ఒక్కోసారి బిల్డ్ ముందుకు సాగుతుంది కూడా. అయితే ఎందుకు సాగిందో తెలియదు కాబట్టి, అదే ఇబ్బంది మరో లైబ్రరీతో వచ్చినప్పుడు మళ్లీ మొదటికే వస్తాం. నిజానికి మనకు కావలసిన సమాచారమంతా ఆ ఎర్రర్‌లోనే ఉంటుంది: మనం అడిగింది ఏమిటి, గ్రేడిల్ ఎక్కడెక్కడ వెతికింది, ఆ లైబ్రరీ కావాలన్నది ఎవరు. ఈ మూడూ చదవకముందు ఏ ఫైలులోనూ ఒక్క అక్షరం మార్చవద్దు.

ఎర్రర్‌ను పంక్తి పంక్తిగా చదవడం

ఒక యాప్‌లో గ్రాఫులు గీయడానికి ఎంపీఆండ్రాయిడ్‌చార్ట్ అనే లైబ్రరీని 3.1.0 వెర్షన్‌గా రాశామనుకుందాం. బిల్డ్ ఆగిపోయింది. తెరమీద మొదట కనిపించేది ఏదో ఒక టాస్క్ (బిల్డ్‌లోని ఒక పని) విఫలమైందన్న పంక్తి. దాని గురించి ఇప్పుడు ఆలోచించనక్కరలేదు, ఎందుకంటే లైబ్రరీలు అవసరమైన మొదటి టాస్క్ ఏదైతే దాని పేరే అక్కడ పడుతుంది. దాని కింద 'కుడ్ నాట్ రిజాల్వ్ ఆల్ ఫైల్స్' అంటూ ఒక కాన్ఫిగరేషన్ (ఒక అవసరానికి కావలసిన లైబ్రరీల జాబితా) పేరు ఉంటుంది. ఆ పేరులో డీబగ్ అని ఉందా, రిలీజ్ అని ఉందా, టెస్ట్ అని ఉందా అన్నది మాత్రం గమనించి పెట్టుకోండి. తర్వాత పనికివస్తుంది.

అసలు సంగతి ఆ కింది పంక్తిలో ఉంది: 'కుడ్ నాట్ ఫైండ్', ఆ వెంటనే కోలన్లతో విడదీసిన మూడు ముక్కలు. మొదటి ముక్క గ్రూపు, రెండోది లైబ్రరీ పేరు, మూడోది వెర్షన్. వీటిని లైబ్రరీ రచయితలు ఇచ్చిన పేజీలోని పంక్తితో అక్షరం అక్షరం సరిచూడాలి. పెద్దక్షరానికి, చిన్నక్షరానికి తేడా ఉంటుంది. హైఫన్ ఉండవలసిన చోట చుక్క పడితే అది వేరే లైబ్రరీ కిందే లెక్క. మన ఉదాహరణలో పొరపాటు సరిగ్గా ఇక్కడే ఉంది: ఆ లైబ్రరీ వెర్షన్ పేరు వట్టి 3.1.0 కాదు, ముందు చిన్న 'వి' అక్షరంతో మొదలవుతుంది. గిట్‌హబ్‌లో విడుదలకు పెట్టిన ట్యాగ్ పేరునే వెర్షన్‌గా వాడుకునే లైబ్రరీల్లో ఈ చిక్కు ఎదురుకావచ్చు.

అయితే ఆ 'వి' చేర్చాక కూడా బిల్డ్ ఆగవచ్చు. అప్పుడు ఇంకా కిందికి రావాలి. 'సెర్చ్‌డ్ ఇన్ ద ఫాలోయింగ్ లొకేషన్స్' అన్న పంక్తి తర్వాత వరుసగా వెబ్ చిరునామాలు కనిపిస్తాయి. చాలామంది చూపు ఇక్కడిదాకా రాకుండానే ఆగిపోతుంది. నా దృష్టిలో ఎర్రర్ మొత్తంలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. ఒక్కో చిరునామా గ్రేడిల్ వెళ్లి తలుపు తట్టిన ఒక్కో చోటు. గ్రూపు పేరులోని చుక్కలన్నీ చిరునామాలో స్లాష్‌లుగా మారి, దాని వెనక లైబ్రరీ పేరు, వెర్షన్, చివర పామ్ అనే పొడిగింపుతో ఒక ఫైలు పేరు ఉంటాయి. ఆ పామ్ ఫైలు లైబ్రరీ జాతకం లాంటిది: తనకు ఇంకా ఏయే లైబ్రరీలు కావాలో అందులో రాసి ఉంటుంది. ఆ చిరునామాను కాపీ చేసి బ్రౌజరులో తెరిచి చూడండి. 404 (దొరకలేదన్న జవాబు) వస్తే ఆ వస్తువు నిజంగానే అక్కడ లేదు. ఫైలు తెరుచుకుంటే వస్తువు అక్కడే ఉంది, మీ గ్రేడిల్‌కూ ఆ చోటుకూ మధ్య దారిలో ఏదో అడ్డం ఉంది. ఈ ఒక్క పరీక్షతో సమస్య ఏ వైపు ఉందో తేలిపోతుంది.

ఏ లైబ్రరీ ఎక్కడ ఉంటుంది?

లైబ్రరీలను ఉంచే సర్వర్లను రిపాజిటరీలు అంటారు. మన ఉదాహరణలో వెతికిన చోట్లు రెండే కనిపిస్తాయి: గూగుల్ మేవెన్, మేవెన్ సెంట్రల్. ఎంపీఆండ్రాయిడ్‌చార్ట్ ఈ రెండింటిలోనూ కాక, గిట్‌హబ్‌లోని కోడ్ నుంచి లైబ్రరీలను అందించే జిట్‌ప్యాక్ అనే రిపాజిటరీలో ఉంటుంది. గ్రూపు పేరు 'కామ్ డాట్ గిట్‌హబ్' అని మొదలైతే ముందుగా జిట్‌ప్యాక్‌నే అనుమానించాలి. అలాగే ఆండ్రాయిడ్‌ఎక్స్ అని మొదలయ్యేవి గూగుల్ మేవెన్‌లో ఉంటాయి కనుక, అవి దొరకలేదంటే రిపాజిటరీల జాబితాలో గూగుల్ పంక్తి ఉందో లేదో చూడాలి. మిగతా జావా, కోట్లిన్ లైబ్రరీలలో ఎక్కువ భాగం మేవెన్ సెంట్రల్‌లో దొరుకుతాయి.

జిట్‌ప్యాక్ చిరునామాను ఎక్కడ చేర్చాలన్న దగ్గరే చాలామంది తడబడతారు, దానికి కారణం కూడా ఉంది. పాత ప్రాజెక్టుల్లో రిపాజిటరీలను పైస్థాయి బిల్డ్ ఫైలులోని 'ఆల్ ప్రాజెక్ట్స్' బ్లాకులో రాసేవారు. కొన్నేళ్లుగా ఆండ్రాయిడ్ స్టూడియో సృష్టించే కొత్త ప్రాజెక్టుల్లో అవి సెట్టింగ్స్ ఫైలులోని 'డిపెండెన్సీ రిజల్యూషన్ మేనేజ్‌మెంట్' బ్లాకులోకి మారాయి. పాత పద్ధతిలో రాసిన సూచనను కొత్త ప్రాజెక్టులో అతికిస్తే, సెట్టింగ్స్‌లోని రిపాజిటరీలకే ప్రాధాన్యం ఇవ్వాలని ఈ బిల్డ్‌కు చెప్పి ఉంది, కానీ బిల్డ్ ఫైలు వేరే రిపాజిటరీని చేర్చింది అన్న అర్థంతో ఇంకో ఎర్రర్ వస్తుంది. అది చూసి కంగారుపడి ఆ నిబంధన పంక్తినే తీసేసేవారున్నారు. అలా చేయవద్దు. రిపాజిటరీలన్నీ ఒకేచోట ఉండటం మీకే మేలు. చేర్చిన పంక్తిని సెట్టింగ్స్ ఫైలులోకి మార్చితే సరిపోతుంది.

ఆ సెట్టింగ్స్ ఫైలులోనే పైన 'ప్లగిన్ మేనేజ్‌మెంట్' అని ఇంకో బ్లాకు, దానిలోనూ రిపాజిటరీల జాబితా ఉంటాయి. అది బిల్డ్‌కు వాడే ప్లగిన్లను వెతకడానికి మాత్రమే. జిట్‌ప్యాక్‌ను పొరపాటున అందులో రాస్తే గ్రేడిల్ ఏ ఫిర్యాదూ చేయదు, లైబ్రరీ మాత్రం దొరకదు. 'రాశాను కదా, అయినా వెతకడం లేదేమిటి' అని అనిపించినప్పుడల్లా, వెతికిన చోట్ల జాబితాలో మీరు చేర్చిన చిరునామా ఉందో లేదో చూడండి. లేకపోతే మీరు రాసింది వేరే బ్లాకులో.

దొరకకపోవడం వేరు, అందకపోవడం వేరు

పైన చెప్పిందంతా 'కుడ్ నాట్ ఫైండ్' అన్న మాటకు వర్తిస్తుంది. లైబ్రరీ పేరుకు ముందు ఆ మాటకు బదులు 'కుడ్ నాట్ రిజాల్వ్' అని ఉండి, దాని కింద 'కుడ్ నాట్ గెట్' అంటూ ఒక చిరునామా ఉంటే, గ్రేడిల్ వెతకడం పూర్తిచేయలేకపోయిందని అర్థం. అప్పుడు వెర్షన్లు మార్చడం శుద్ధ దండుగ. స్టేటస్ కోడ్ 401 లేదా 403 ఉంటే ఆ రిపాజిటరీ మీ గుర్తింపు వివరాలను అడుగుతోంది, లేదా వాటిని ఒప్పుకోవడం లేదు. సర్టిఫికెట్ నమ్మదగినది కాదన్న అర్థంతో పీకేఐఎక్స్ అన్న మాట కనిపిస్తే, గ్రేడిల్ వాడుతున్న జావాకు ఆ సర్వరు సర్టిఫికెట్‌పై నమ్మకం కుదరలేదు. కార్యాలయాల నెట్‌వర్కుల్లో మధ్యలో ఉండే ప్రాక్సీ (మన అభ్యర్థనలను తీసుకొని బయటికి పంపే సర్వరు) వల్ల ఇది తరచుగా వస్తుంది. ప్రాక్సీ వివరాలను గ్రేడిల్ ప్రాపర్టీస్ ఫైలులో రాసేటప్పుడు హెచ్‌టీటీపీకి, హెచ్‌టీటీపీఎస్‌కు విడివిడిగా రాయాలన్నది మరవకండి. ఆఫ్‌లైన్ మోడ్‌లో క్యాష్ ప్రతి (ముందే దించి దాచుకున్న నకలు) లేదని ఎర్రర్ చెబితే, ఆండ్రాయిడ్ స్టూడియోలోని గ్రేడిల్ కిటికీలో ఆ మీట ఎప్పుడో నొక్కి వదిలేశారన్నమాట.

ఆ కంప్యూటరులో అవుతుంది, ఈ కంప్యూటరులో కాదు

ఒకప్పుడు నా చేతికి ఒక పాత ప్రాజెక్టు వచ్చింది. అంతకుముందు దాన్ని చూసుకున్న సహోద్యోగి కంప్యూటరులో బిల్డ్ నిక్షేపంగా పూర్తయ్యేది. నా దగ్గర అదే కోడ్, అదే గ్రేడిల్ వెర్షన్, అయినా రెండు లైబ్రరీలు దొరకలేదనేది. రెండు రోజులు నా కంప్యూటరులోనే లోపం వెతికాను. చివరికి తేలిందేమిటంటే, లోపం ప్రాజెక్టులోనే ఉంది, అది అతని కంప్యూటరులో బయటపడలేదంతే. గ్రేడిల్ ఒకసారి దించుకున్న లైబ్రరీని హోమ్ ఫోల్డరులోని డాట్ గ్రేడిల్ ఫోల్డరులో, క్యాషెస్ కింద దాచుకుంటుంది. స్థిరమైన వెర్షన్ నంబరు ఉన్నదాన్ని మళ్లీ సర్వరులో అడగదు. ఆ రెండు లైబ్రరీలు ఒకప్పుడు జేసెంటర్ అనే రిపాజిటరీలో మాత్రమే ఉండేవి. జేసెంటర్‌ను నిలిపివేస్తున్నట్టు దాని నిర్వాహకులు 2021 ఫిబ్రవరిలో ప్రకటించారు, 2024 ఆగస్టు నుంచి అక్కడికి వెళ్లే అభ్యర్థనలను మేవెన్ సెంట్రల్‌కు మళ్లించారు. అంటే మేవెన్ సెంట్రల్‌లో లేని పాత లైబ్రరీ ఇక ఆ దారిలో రాదు.

అందుకే ఎవరి దగ్గరైనా బిల్డ్ అవుతోందన్నంత మాత్రాన ప్రాజెక్టు సరిగ్గా ఉందనుకోవడానికి లేదు. అనుమానం ఉంటే గ్రేడిల్ ఆదేశానికి చివర రెండు హైఫన్లతో 'రిఫ్రెష్ డిపెండెన్సీస్' అని చేర్చి నడపండి. అప్పుడు గ్రేడిల్ క్యాష్‌లోని సమాచారాన్ని పక్కనపెట్టి, రిపాజిటరీలను మళ్లీ అడుగుతుంది. క్యాష్ ఫోల్డరు మొత్తాన్ని తుడిచేయమనే సలహా తరచుగా వినిపిస్తుంది కానీ, నేనైతే దాన్ని చివరి అస్త్రంగానే ఉంచుతాను. ఇక ఎక్కడా దొరకని లైబ్రరీకి ఉన్న ఒకే ఒక్క ప్రతి ఆ క్యాష్‌లోనే ఉండవచ్చు.

మీరు అడగని లైబ్రరీ

ఎర్రర్ చివర 'రిక్వైర్డ్ బై' అని ఉంటుంది. దాని కింద మీ యాప్ మాడ్యూల్ పేరు ఒక్కటే ఉంటే అడిగింది మీరే. మాడ్యూల్ పేరు తర్వాత బాణం తల లాంటి గుర్తు, ఆ పైన ఇంకో లైబ్రరీ పేరు ఉంటే, దొరకనిదాన్ని కోరింది ఆ లైబ్రరీ. ఇలాంటప్పుడు బిల్డ్ ఫైలంతా గాలించినా దొరకని పేరు మీకు కనిపించదు. టెర్మినల్‌లో యాప్ మాడ్యూల్‌కు 'డిపెండెన్సీస్' టాస్క్ నడిపి, ఇందాక గమనించి పెట్టుకున్న కాన్ఫిగరేషన్ పేరు ఇస్తే, ఏది దేన్ని కోరుతోందో చెట్టు కొమ్మల్లా కనిపిస్తుంది. దొరకనిదాని పక్కన 'ఫెయిల్డ్' అని ఉంటుంది. దాని మీది కొమ్మ ఏదో చూసి, ముందుగా ఆ లైబ్రరీకి కొత్త వెర్షన్ ఉందేమో చూడాలి. దొరకనిదాన్ని 'ఎక్స్‌క్లూడ్' పెట్టి తప్పించడం తేలికే, బిల్డ్ కూడా పూర్తవుతుంది. కానీ ఆ లైబ్రరీ లోపల దాన్ని వాడే కోడ్ అలాగే ఉంటుంది కనుక, యాప్ నడుస్తుండగా ఆ చోటికి రాగానే 'నో క్లాస్ డెఫ్ ఫౌండ్' అని కూలిపోతుంది. బిల్డ్‌లో మీకు కనిపించవలసిన తప్పు వాడేవారి ఫోనులో కనిపిస్తుంది. ఆ భాగం అవసరమే లేదని తెలిసినప్పుడు తప్ప ఈ దారి తొక్కకండి.

అభ్యాసం

సరిగ్గా బిల్డ్ అవుతున్న ఒక చిన్న ప్రాజెక్టుకు నకలు తీసుకోండి. 'డిపెండెన్సీ రిజల్యూషన్ మేనేజ్‌మెంట్' బ్లాకులోంచి గూగుల్ పంక్తిని తీసి, రిఫ్రెష్ ఆదేశంతో బిల్డ్ చేసి, వెతికిన చోట్ల జాబితాలో ఏం మిగిలిందో రాసుకోండి. ఆ పంక్తిని తిరిగి పెట్టి, ఒక లైబ్రరీ వెర్షన్‌ను లేని నంబరుగా మార్చి చూడండి. తర్వాత వెర్షన్ సరిచేసి, ఇంటర్నెట్ ఆపి, మళ్లీ రిఫ్రెష్‌తో నడపండి. ఆ మూడు ఎర్రర్లను పక్కపక్కన పెట్టి, ఏ పంక్తి దగ్గర ఒకదానికొకటి వేరవుతున్నాయో గీత గీయండి.

లైబ్రరీ దిగినా కోడ్‌లో 'అన్‌రిజాల్వ్‌డ్ రిఫరెన్స్' అని వచ్చే సందర్భాన్ని, దానికి మూలమైన ఇంప్లిమెంటేషన్, ఏపీఐ అనే రెండు మాటల తేడాను అయిదో పాఠంలో చూద్దాం.