గలీసియన్, సెర్బియన్ పక్కపక్కన – 6వ పాఠం: నిన్ను, నీకు

పోయిన పాఠంలో "అవును" అనకుండా అవుననడం నేర్చుకున్నాం. "కాఫీ కావాలా?" అని అడిగితే మనం "కావాలి" అంటాం. గలీసియాలోనూ అంతే: "కేరెస్ కఫే?" అంటే "కేరొ" అని జవాబు. సెర్బియాలో "హొచెష్ కఫు?" అంటే "హొచు". ఈ మూడు జతలనూ పైకి రెండుసార్లు చదివి ముందుకు రండి.

ఈ వారం పాఠం చిన్న మాటల గురించి. ఈ రెండు భాషలనూ ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్లు సరిగ్గా ఇక్కడే తడబడతారు. ఇంగ్లీషులో "నిన్ను"కీ "నీకు"కీ ఉన్నది ఒకటే మాట. స్పానిష్, పోర్చుగీసుల్లో కూడా ఈ చిన్న రూపం ఒక్కటే, "తె". స్పెయిన్ వాయవ్య మూలన, ఆ రెంటి మధ్య ఉన్న గలీసియన్ మాత్రం రెండు మాటలనూ విడిగా నిలుపుకుంది:

నిన్ను – గలీసియన్‌లో తె, సెర్బియన్‌లో తె
నీకు – గలీసియన్‌లో చె, సెర్బియన్‌లో తి

గలీసియన్ లాటిన్ నుంచి పుట్టింది, సెర్బియన్ స్లావిక్ కుటుంబానిది. అయినా "నిన్ను" దగ్గర రెంటికీ మాట ఒకటే. ఇది యాదృచ్ఛికం కాదు. రెంటి మూలాలూ ఇండో-యూరోపియన్ కుటుంబంలో ఉన్నాయి, సంస్కృతానివీ అక్కడే. గలీసియన్ చె లాటిన్ "తిబి" నుంచి వచ్చింది. తిబి అంటే నీకు.

మీరు రోజూ అనే "నమస్తే"ని ఒకసారి విప్పి చూడండి: నమః + తే. ఆ తే కూడా "నీకు" అనే అర్థమిచ్చే చిన్న రూపమే. ఒక్క జాగ్రత్త: సంస్కృతంలో తే అంటే నీకు, ఈ రెండు భాషల్లో తె అంటే నిన్ను. నమస్తేని పట్టుకుని గుర్తుపెట్టుకోబోతే అర్థం తారుమారవుతుంది. తెలుగు జతనే నమ్ముకోండి.

బడిలో విభక్తులు వల్లె వేసినవాళ్లకు ఇంకో మాట. మన పట్టికలో "కిన్, కున్" షష్ఠిలో ఉంటాయి. "నీకు ఇచ్చాను" అన్నప్పుడు ఆ "కు" చేసే పని మాత్రం సంస్కృత చతుర్థిది. చె, తి చేసేదీ అదే పని. కాబట్టి పట్టికను పక్కన పెట్టి వాక్యాన్నే చూడండి.

నిన్ను ప్రేమిస్తున్నాను – కేరొతె / వొలిమ్ తె
నీకు పుస్తకం ఇస్తున్నాను – దొవ్చె ఉన్ లిబ్రొ / దాయెమ్ తి క్న్యీగు

మొదటి వాక్యంలో పోయిన పాఠంలో "కావాలి" అని చెప్పిన కేరొయే మళ్లీ వచ్చింది. గలీసియన్‌లో కోరికకూ ప్రేమకూ క్రియ ఒకటే.

ఇక ఈ మాటలు వాక్యంలో ఎక్కడ కూర్చుంటాయో చూద్దాం. వీటిని నేను ఆనుకునే మాటలు అంటాను. సొంత బలం లేక పక్కమాటను ఆనుకుని పలుకుతాయి కాబట్టి వాక్యాన్ని మొదలుపెట్టలేవు. సంస్కృతంలో మే, తే పాదం మొదట రాకూడదన్నది కూడా ఇదే. గలీసియన్‌లో "తె కేరొ" అని మొదలుపెడితే అది స్పానిష్ వరస అవుతుంది.

అక్కడి వరకు రెండు భాషలూ కలిసి నడుస్తాయి. ఆ తర్వాత దారులు వేరు. సెర్బియన్ స్థానాన్ని లెక్కపెడుతుంది: ఆనుకునే మాటకు రెండో స్థానం. "యా" (నేను) ముందుకొస్తే "యా తె వొలిమ్". పుస్తకం ముందుకొస్తే "క్న్యీగు తి దాయెమ్". "నె" (లేదు, కాదు) మాత్రం క్రియతో కలిసి ఒకే మాట లెక్క, అందుకే "నె వొలిమ్ తె". గలీసియన్‌కు ఈ లెక్కతో పని లేదు, ముందున్న మాట ఏ రకమో చూస్తుంది. "ఎవ్" (నేను) ముందున్నా మామూలుగా క్రియ వెనకే: "ఎవ్ కేరొతె". "నొన్" (కాదు) గానీ ప్రశ్నపదం గానీ వస్తే ఆనుకునే మాట క్రియ ముందుకు దూకుతుంది: "నొన్ తె కేరొ".

ప్రశ్నలో మాత్రం రెండు వరసలూ ఒక చోట కలుస్తాయి. అతను నీకేం చెప్పాడు? – "కె చె దిషొ?" / "ష్తా తి యె రెకావొ?" రెంటిలోనూ "ఏం" తర్వాత వెంటనే "నీకు" వచ్చింది. ఈ జతను కంఠస్థం చేయండి, రెండు నియమాలూ గుర్తుంటాయి.

"నిన్నే", "నీకే" అని నొక్కాలంటే చిన్న మాట చాలదు. సెర్బియన్‌లో నిన్నే – తెబె, నీకే – తెబి. ఇవి నిటారుగా నిలబడతాయి, వాక్యం మొదట రాగలవు: "తెబె వొలిమ్". గలీసియన్ రెంటికీ "అ తి" అని చేరుస్తుంది, చిన్న మాటనూ వదలదు: "కేరొతె అ తి".

ఇప్పుడు తెలుగును నమ్ముకుంటే ఎక్కడ లాభం, ఎక్కడ నష్టం. నాకు చలిగా ఉంది – సెర్బియన్‌లో "హ్లాద్నొ మి యె". మి అంటే నాకు, మాటకు మాట మనదే. గలీసియన్‌లో "తెన్యొ ఫ్రీఒ", అంటే చలి నా దగ్గర ఉందన్నట్టు. తలనొప్పి దగ్గర పాత్రలు మారతాయి. గలీసియన్ మనలాగే "నాకు" అంటుంది: "దోఎమె ఆ కబేథా". సెర్బియన్‌లో తల "నన్ను" నొప్పిస్తుంది: "బొలి మె గ్లావా".

అన్నిటికంటే నాకు ఇష్టమైన చె ఒకటి ఉంది. వినేవాడికి ఆ విషయంతో సంబంధమే లేకపోయినా మాటలోకి అతన్ని కలుపుకోవడానికి గలీసియన్లు చె వేస్తారు: "ఎచె అసీ". సెర్బియన్ మాటల్లోనూ అచ్చంగా అదే: "తొ తి యె తాకొ". మన "అంతేనమ్మా", "అంతేనోయ్" చేసే పని అది. వ్యాకరణ పుస్తకం ముందు పెట్టుకుంటే ఇది ఆలస్యంగా దొరుకుతుంది, మనుషుల మధ్య కూర్చుంటే ముందే దొరుకుతుంది.

తె, చె, తి మూడూ "నువ్వు" అనేవాళ్లకే. పెద్దవాళ్లతో వాడకండి, "మీరు" సంగతి వచ్చే పాఠంలో. గలీసియాలో కొన్ని ఊళ్లలో తె, చె కలిసిపోయి ఒకటే వినబడుతుంది. కంగారు పడకండి, రాతలో మాత్రం రెండూ విడిగానే ఉండాలి.

అభ్యాసం. కింది జవాబులు మూసి రాయండి.

1. నిన్ను చూస్తున్నాను.
2. నీకు రాస్తున్నాను.
3. నీకు రాయడం లేదు.
4. నేను నిన్ను చూస్తున్నాను. ("నేను" వదలకండి.)
5. నీకు తలనొప్పిగా ఉందా?

క్రియలు: చూస్తున్నాను – బేషొ / విదిమ్, రాస్తున్నాను – ఎస్క్రీబొ / పీషెమ్. సెర్బియన్ ప్రశ్నకు క్రియ వెనక "లి" చేర్చాలి, అది తె, తి కంటే ముందు వస్తుంది.

జవాబులు:

1. బేషొతె / విదిమ్ తె
2. ఎస్క్రీబొచె / పీషెమ్ తి
3. నొన్ చె ఎస్క్రీబొ / నె పీషెమ్ తి
4. ఎవ్ బేషొతె / యా తె విదిమ్
5. దోఎచె ఆ కబేథా? / బొలి లి తె గ్లావా?

అయిదోదానిలో సెర్బియన్‌కి "తి" రాసి ఉంటే తలనొప్పి పేరా మళ్లీ చదవండి. నాలుగోది తప్పితే "నేను"కు బదులు వేరే మాటలు ముందు పెట్టి సెర్బియన్ వాక్యాలు ఇంకో అయిదు కట్టండి.