ఎలక్ట్రిక్ షవర్: నీళ్లు మధ్యలో చల్లబడుతున్నా, ఎంసీబీ పడిపోతున్నా ఏం చూడాలి?

ఎలక్ట్రిక్ షవర్ అంటే గీజర్ ట్యాంకు లేకుండా, పారుతున్న నీటిని అప్పటికప్పుడు వేడి చేసే షవర్. దాన్ని విప్పే ముందు నీళ్లు చిమ్మే హెడ్ విప్పండి. వేడి నీళ్లు కాసేపు వచ్చి, హఠాత్తుగా చల్లబడి, కొద్ది నిమిషాల తరువాత మళ్లీ వేడెక్కుతున్నాయంటే, చాలా ఇళ్లలో కారణం హెడ్ రంధ్రాల్లో పేరుకున్న తెల్లటి ఉప్పే. నీటి ప్రవాహం తగ్గితే లోపలి నీరు అతిగా వేడెక్కి థర్మల్ కటౌట్ అనే రక్షణ స్విచ్, నీటిని వేడి చేసే ఎలిమెంట్‌కు కరెంటు ఆపేస్తుంది, చల్లారాక తిరిగి కలుపుతుంది. హెడ్‌ను వెనిగర్‌లో నానబెట్టి, నీళ్లు లోపలికి వచ్చే చోట ఉండే జాలీని కడిగితే సరిపోయే పనికి కొత్త ఎలిమెంట్ కొని బిగించినవాళ్లను లెక్కలేనంత మందిని చూశాను.

నీళ్లు మొదటి నుంచీ గోరువెచ్చగానే వస్తుంటే, ముందు లెక్క చూసుకోవాలి. 8.5 కిలోవాట్ల షవర్ నిమిషానికి 4 లీటర్ల నీటిని దాదాపు 30 డిగ్రీల మేర వేడి చేయగలదు, అంతకు మించి దాని వల్ల కాదు. కాబట్టి చలికాలంలో ప్రవాహం తగ్గించుకోవడమే పరిష్కారం. వోల్టేజీ 230 నుంచి 207కు పడిపోతే వేడి ఐదో వంతు తగ్గుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇక అసలు సమస్య ఎంసీబీ పడిపోవడం. ఎంసీబీ అంటే కరెంటు మోతాదు మించితే లైను ఆపేసే బ్రేకర్, ఆర్‌సీసీబీ అంటే కరెంటు లీకైతే ఆపేసేది. పడిపోయింది ఆర్‌సీసీబీయా, ఎంసీబీయా అన్నది ముందు తేల్చుకోండి. స్విచ్ వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతే అది లీకేజీ, అంటే ఎలిమెంట్ పగలడమో, లోపల తడి చేరడమో జరిగింది. దాన్ని మళ్లీ మళ్లీ పైకెత్తి స్నానం చేయడం ప్రాణాలతో చెలగాటమే. అలా కాకుండా ఐదారు నిమిషాల స్నానం తరువాత ఎంసీబీ పడిపోయి, కాసేపాగి పైకెత్తితే నిలబడుతుంటే, చాలామంది అది చిన్నదనుకుని 40 ఆంపియర్లది తీసి 63 ఆంపియర్లది పెట్టేస్తారు. ఇంతకన్నా ప్రమాదకరమైన మరమ్మతు లేదు, ఎందుకంటే ఎంసీబీ కాపాడుతున్నది షవర్‌ను కాదు, గోడలోని కేబుల్‌ను.

ఇక్కడ దొంగ ఎవరంటే లూజు టెర్మినల్, అంటే తీగను స్క్రూతో బిగించే చోటు వదులవడం. 8.5 కిలోవాట్ల షవర్ 230 వోల్టుల వద్ద 37 ఆంపియర్లు లాగుతుంది. స్క్రూ కింద కేవలం 0.1 ఓమ్ నిరోధం ఏర్పడినా ఆ ఒక్క చోట 137 వాట్ల వేడి పుడుతుంది. టంకం వేసే సోల్డరింగ్ ఐరన్‌కు 25 వాట్లు చాలు. ఆ లూజు కనెక్షన్ ఎంసీబీ టెర్మినల్లోనే ఉంటే, వేడి లోపలి ద్విలోహపు పట్టీకి (వేడెక్కితే వంగి ఎంసీబీని పడేసే రేకు) పాకి, మోయగలిగిన కరెంటుకే ఎంసీబీ పడిపోతుంది. స్విచ్‌లో ఉంటే ఎంసీబీ కదలకుండా స్విచ్ మాత్రం నెమ్మదిగా కాలుతుంది. స్నానమయ్యాక పొడి చేత్తో స్విచ్ ముఖం తాకితే చురుక్కుమనడం, దగ్గరలో కుళ్లిన చేపల వంటి వాసన రావడం దాని గుర్తులు.

మెయిన్ ఆపి, కరెంటు లేదని నిర్ధారించుకున్నాకే మూత విప్పాలి. టెస్టర్ దీపం వెలగనంత మాత్రాన నమ్మకూడదు. కరెంటు ఉన్న మరో చోట అది వెలుగుతోందో లేదో పరీక్షకు ముందు, తరువాత చూడాలి. లోపల తీగ చివర ఇన్సులేషన్ గోధుమ రంగుకు తిరిగి గట్టిపడి ఉంటే, స్క్రూ బిగించి వదిలేయవద్దు. నల్లబడిన రాగి ఎంత బిగించినా సరిగా పట్టదు. మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి, కొత్తగా ఒలిచి కలపాలి, కాలిన స్విచ్‌ను మార్చాలి. స్క్రూ కింద ఇన్సులేషన్ ఇరుక్కుందేమో కూడా చూడండి. ఇలాంటి షవర్‌కు వాడే 10 చదరపు మిల్లీమీటర్ల మందపాటి కేబుల్ మొండిది కనుక, బిగించిన తరువాత స్విచ్‌ను పెట్టెలోకి నెడితే, ఆ మెలికకే స్క్రూ వదులవుతుంది. కాబట్టి ముందే తీగను వంచి ఆకారానికి తెచ్చి, ఆపై బిగించి, ప్రతి తీగనూ లాగి చూడాలి.

కొత్తగా అమర్చేవారు షవర్ ధర ఒక్కటే చూసుకుని బడ్జెట్ వేసుకోవద్దు. బోర్డు దూరంగా ఉంటే మందపాటి కేబుల్, దాన్ని లాగే కూలీ కలిసి షవర్ ధరను మించిపోవచ్చు. మరే ఉపకరణమూ కలవని సొంత లైను, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్, తడి చేతికి అందని చోట ఫేజ్, న్యూట్రల్ రెండు తీగలనూ ఒకేసారి విడదీసే స్విచ్ తప్పనిసరి. వీటిలో ఒక్కటి మానేసి డబ్బు మిగుల్చుకుందామన్నా ఒప్పుకోను. లైను వేసే పని అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌దే.

ప్రెజర్ స్విచ్ (నీటి ఒత్తిడి ఉన్నప్పుడే ఎలిమెంట్‌ను వెలిగించేది) పాడవడం, వేడి ఎంచుకునే సెలెక్టర్ నాబ్ విరగడం వంటివి అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.