ఎకరాలు, సెంట్లు: పెట్టెలు రెండు, విలువ ఒకటే

అనంతపురంలో ఒక వేరుశనగ విత్తనాల కొట్టుకు అపాచీ వికెట్‌లో (జావాతో వెబ్ పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్క్) ఫారం రాస్తున్నా. పొలం ఎంతంటే రైతు "మూడెకరాల నలభై సెంట్లు" అంటాడు. డేటాబేస్‌కేమో మొత్తం సెంట్లుగా 340 చాలు.

అందుకని ఫారంకాంపోనెంట్‌ప్యానెల్ (కొన్ని ఫీల్డ్‌లను కలిపి ఒకే ఫీల్డ్‌లా వాడుకోనిచ్చే వికెట్ క్లాస్) ఆధారంగా ఒక క్లాస్ రాసి, లోపల రెండు టెక్స్ట్‌ఫీల్డ్‌లు పెట్టండి. రెండూ ఇంటీజర్ టైపే. జావాలో ఏది దేని లోపల ఉందో, హెచ్‌టీఎంఎల్‌లో వికెట్ ఐడీలూ (ట్యాగ్‌ను జావా కాంపోనెంట్‌తో కలిపే పేర్లు) అలాగే ఉండాలి. లేదంటే పేజీయే రాదు.

ఫారం పంపినప్పుడు నడిచే కన్వర్ట్‌ఇన్‌పుట్‌లో ఎకరాలను 100తో గుణించి, సెంట్లు కలిపి సెట్‌కన్వర్టెడ్‌ఇన్‌పుట్‌కు ఇవ్వండి. ఇక్కడే నాకు ఒక పూట పోయింది. లోపలి ఫీల్డ్‌లను గెట్‌మోడల్‌ఆబ్జెక్ట్‌తో అడిగా. 3, 40 కొడితే పాత 200 వచ్చేది. అప్పటికి మోడల్ (ఫీల్డ్ విలువ దాచుకునే చోటు) మారి ఉండదు మరి! ఇప్పుడే కొట్టిన విలువ ఇచ్చే గెట్‌కన్వర్టెడ్‌ఇన్‌పుట్‌తో అడగాలి.

పాత రికార్డు తెరిస్తే 340ని విడదీసే పని పేజీ చూపించేముందు నడిచే ఆన్‌బిఫోర్‌రెండర్‌లో, సూపర్‌ను (మాతృ క్లాస్‌లోని అదే మెథడ్) పిలవకముందే. సెంట్లు ఖాళీగా వదిలేస్తే నల్ వస్తుంది, దాన్ని సున్నాగా తీసుకోండి.